కంగారుకి ఎదురుమాట



పోయిన వేసవిలో ఒక సాయంత్రం, నర్సుగా పనిచేస్తున్న ఒకమ్మాయి ఫైలు చేతపట్టుకుని మా ఇంటికి వచ్చింది. పైదేశంలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటోందట. తన గురించి ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకుని తెచ్చి, తప్పులుంటే దిద్దిపెట్టమంది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఇలాంటి కాగితాలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. రాత ముత్యాల్లా ఉంది. వ్యాకరణం కూడా శుభ్రంగానే ఉంది. నాలుగో వాక్యం దగ్గర మాత్రం నా పెన్ను ఆగిపోయింది. ఎంత కష్టమైన కేసు వచ్చినా రోగి దగ్గర తను నాన్‌షలాంట్‌గా ఉంటానని రాసింది.

"ఈ మాట ఎక్కడ దొరికిందమ్మా?" అన్నాను.

"పోటీ పరీక్షల పుస్తకంలో ఉంది మేడమ్. వర్రీకి ఆపోజిట్ వర్డ్స్ అని ఒక లిస్టు ఇచ్చారు. మిగతావి అందరూ రాసేవే కదా, ఇదైతే కొంచెం బాగుంటుందని రాశాను."

ఆ లిస్టు నాకూ తెలుసు. నేను చదువుకునే రోజుల్లో మా నల్లబల్ల మీదా అదే ఉండేది. ఒక పక్క దిగులు, ఆందోళన, గాభరా అనే అర్థాలున్న ఇంగ్లీషు మాటలు. రెండో పక్క వాటికి ఎదురుమాటలు: కామ్, కూల్, కంపోజ్డ్, నాన్‌షలాంట్, ఇన్సూసియెంట్, ఇన్‌డిఫరెంట్. అన్నిటినీ ఒకే గాటన కట్టి మాచేత బట్టీ పెట్టించారు. నేను టీచరునయ్యాక మొదట్లో కొన్నేళ్ళు నేనూ అలాగే పిల్లలచేత పెట్టించాను. ఈ అమ్మాయి కాగితం చూస్తుంటే ఆ తప్పులో నా వంతు ఎంతో తెలిసి బాధ కలిగింది.

నాన్‌షలాంట్ అన్న మాటలో కంగారు లేకపోవడం ఉంది, నిజమే. కానీ అది పట్టనితనం వల్ల వచ్చిన కంగారులేమి. రోగి మంచం పక్కన నిలబడి 'నాకేం పట్టదు' అని ఏ నర్సూ రాసుకోదు. అందులోనూ ఈ అమ్మాయి!

ఈ అమ్మాయి నాకెలా తెలుసో చెప్పాలి. రెండేళ్ళ కిందట మా అమ్మని ఆయాసంతో ఆసుపత్రిలో చేర్చాం. ఎనభై దాటిన మనిషి. మూడో రాత్రి, ఒంటిగంట దాటాక, మొహానికి మాస్కు ఉండగానే అమ్మకి ఊపిరి అందకుండా పోయింది. చూస్తే తలాపున ఉన్న ఆక్సిజన్ సిలిండరు ముల్లు సున్నాకి దిగిపోయింది. నేను మంచం పట్టె పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటున్నాను. మా తమ్ముడు డాక్టరు కోసం మెట్ల మీద పరుగు తీశాడు. మా మరదలు విసనకర్ర కనపడక కేసుషీటు అట్టతోనే విసురుతోంది. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. అప్పుడు వచ్చింది ఈ అమ్మాయి. గబగబా నడిచి వచ్చింది గాని పరుగెత్తలేదు. ముందు తలవైపు మంచం ఎత్తింది. వార్డుబాయ్‌ని రెండో సిలిండరు దొర్లించుకు రమ్మంది. అతను తెచ్చేలోపు అమ్మ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "మామ్మగారూ, నా మొహం చూడండి. నాతోపాటు గాలి పీల్చండి... ఊఁ, ఇప్పుడు వదలండి" అంది. అలా అంటూనే అమ్మ వేళ్ళు తిప్పి గోళ్ళ రంగు చూసింది. సిలిండరు రాగానే పానాతో మీటరు విప్పి కొత్తదానికి బిగించింది. వంగి, నీళ్ళ సీసాలో బుడగలు లేస్తున్నాయో లేదో చూసింది. లేచాయి. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టిందేమో. అప్పుడు నావైపు తిరిగి, "మేడమ్, మీరు కాసేపు ఆ స్టూలు మీద కూర్చోండి" అంది. నా కాళ్ళు వణుకుతున్నాయని నాకంటే ముందు తనే చూసింది.

ఆ మూడు నిమిషాల్లో ఆ అమ్మాయికి పట్టనిదంటూ ఏదీ లేదు. అలాంటి పిల్ల తన గురించి తను నాన్‌షలాంట్ అని రాసుకుంటే నాకు మనసొప్పలేదు. అందుకే ఆ సాయంత్రం ఆ లిస్టులోని మాటల్ని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ కూర్చున్నాం. ఆ కబుర్లే ఇవాళ మీతో పంచుకుంటున్నాను.

ముందు వర్రీ సంగతి చూద్దాం. పాత ఇంగ్లీషులో ఆ మాటకి మనసుతో సంబంధం లేదు. గొంతు నులమడం అని దాని అర్థం. జర్మన్ భాషలో దాని తోబుట్టువు ఇవాళ్టికీ ఆ అర్థంలోనే ఉంది. ఆ తర్వాత కుక్క గొర్రె మెడ పట్టుకుని కుదిపెయ్యడాన్ని వర్రీ అన్నారు. ఇంగ్లండులో 1953లో చేసిన ఒక చట్టంలో కూడా కుక్కలు పశువుల వెంటపడి వేధించడానికి ఇదే మాట వాడారు. మనిషి లోలోపల నలిగిపోవడం అనే అర్థం గట్టిపడింది 19వ శతాబ్దంలోనే. యాంగ్జైటీదీ అదే దారి. లాటిన్‌లో బిగించడం, గొంతు నొక్కడం అనే క్రియ నుంచి పుట్టింది. మనం ప్రాణం గొంతులోకి వచ్చిందంటాం, మాట పెగల్లేదంటాం. ఆ రాత్రి అమ్మకి గాలి ఆడలేదు, నాకు నోరు పెగల్లేదు.

ఫస్ అనేది వేరు. వర్రీ గొంతులో ఉంటే ఫస్ కాళ్ళలో, చేతుల్లో ఉంటుంది. మన హడావుడి అన్నమాట. మా తమ్ముడి పరుగూ, మా మరదలి విసురూ అదే. దాన్ని నేను చిన్నచూపు చూడలేను. రైలు కదిలాక కూడా కిటికీలోంచి ఇంకో పొట్లం అందించే తల్లుల హడావుడితోనే మనమంతా పెరిగాం. ఆ రాత్రి ఆ హడావుడితో సిలిండరు మారలేదు, అంతే.

ఇప్పుడు ఎదురుమాటలకి వద్దాం. నాన్‌షలాంట్ ఫ్రెంచి నుంచి వచ్చింది. అందులోని అసలు ముక్కకి మూలం లాటిన్‌లో 'వెచ్చగా ఉండడం'. ఒక సంగతి మనకి పట్టిందంటే దాని వేడి మనకి తగిలినట్టే. ముందు 'నాన్' చేరింది కాబట్టి ఆ వేడి తగల్లేదు. ఇన్సూసియెంట్ కూడా ఫ్రెంచి మాటే. గట్టిగా కదిలించడం అనే లాటిన్ మాటకి 'లేదు' తగిలించారు. లోపల ఏమీ కదల్లేదని అర్థం. బ్లైద్ అని ఇంకోటుంది. ఒకప్పుడు ఉల్లాసమనే మంచి అర్థంలో ఉండేది, ఇప్పుడు ఎక్కువగా ముందూవెనకా చూసుకోని వాళ్ళని గురించి అంటున్నారు. వీటికి మన దగ్గర కరువేం లేదు. నిమ్మకు నీరెత్తినట్టున్నాడంటాం. చీమ కుట్టినట్టయినా లేదంటాం. దున్నపోతు మీద వాన కురిసినట్టుందంటాం. ఏది అన్నా గొంతులో నిష్ఠూరం పలుకుతుంది. ఇంగ్లీషువాళ్ళు నాన్‌షలాంట్‌ని ఒక్కోసారి మెచ్చుకోలుగానూ వాడతారు. సిక్సరు కొట్టి, బంతి ఎక్కడ పడిందో కూడా చూడకుండా చేతి తొడుగులు సర్దుకునే బ్యాట్స్‌మన్‌కి ఆ మాట అందంగా అమరుతుంది. వార్డులో అమరదు.

మరి కామ్? ఈ మాట పుట్టుక తెలిసిన రోజున నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. దీని మూలం గ్రీకులో కౌమా. మండే వేడి అని అర్థం. అక్కడినుంచి లాటిన్‌లోకి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నపు ఎండ అయింది. ఆ ఎండకి పని ఆపి నీడపట్టున చేరే వేళ అయింది. మధ్యధరా సముద్రం మీద గాలి పడిపోయి, నీళ్ళు అద్దంలా నిలిచే వేళ అయింది. అలా చివరికి ప్రశాంతత అయింది. మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఒంటిగంటకి వీధిలోకి చూడండి. ఆకు కదలదు. కోళ్ళు నులకమంచం కింద రెక్కలు విప్పుకుని పడుకుంటాయి. గేదెలు చెరువులో మెడలదాకా దిగి కళ్ళు మూసుకుంటాయి. అరుగు మీద తాతగారు తడిగుడ్డ తలకి చుట్టుకుని గోడకి జారగిలబడతారు. ఊరంతా కామ్‌గా ఉంటుంది. ఆ నిశ్శబ్దం వేడి లేక వచ్చింది కాదు. వేడిని భరిస్తూ కూర్చున్న నిశ్శబ్దం.

నాన్‌షలాంట్‌కి వేడే తగల్లేదు. కామ్ వేడిలోనుంచే పుట్టింది. నల్లబల్ల మీద ఆ రెండిటినీ పక్కపక్కన రాసినప్పుడు ఈ తేడా మాకెవరూ చెప్పలేదు.

కామ్‌కి దూరపు చుట్టం లాంటి మాట హాల్సియన్. హాల్సియన్ డేస్ అంటే ఒడుదుడుకులు లేని మంచి రోజులు. హాల్సియన్ అనేది ఒక పిట్ట పేరు, మన లకుముకి పిట్ట జాతి. గ్రీకుల కథలో ఆల్సియోనె అనే ఆమె భర్త ఓడ మునిగి చనిపోతాడు. ఆ దుఃఖంలో ఆమె సముద్రంలో పడబోతే దేవతలు ఇద్దర్నీ పిట్టలుగా మార్చేస్తారు. ఆమె తండ్రి గాలులకి అధిపతి. నడిశీతకాలంలో కూతురు గుడ్లు పొదిగే కొన్నాళ్ళు ఆయన గాలిని కట్టి ఉంచుతాడట, అలలకి గూడు కొట్టుకుపోకుండా. చెరువుగట్టున కరెంటు తీగ మీద నీలిరెక్కల లకుముకి కనబడినప్పుడల్లా నాకు ఆ తండ్రి గుర్తొస్తాడు. ఒకరి కోసం ఇంకొకరు ఆపి ఉంచిన గాలి అది. "నాతోపాటు గాలి పీల్చండి మామ్మగారూ" అన్న గొంతులోనూ అదే విన్నాను.

వేడి అయింది కాబట్టి చలువ సంగతి కూడా చూడాలి. మనకి చల్లదనం ఆశీర్వాదం. చల్లగా ఉండమ్మా అంటాం, నీ కడుపు చల్లగా అంటాం. అయితే చేతులూ కాళ్ళూ చల్లబడితే మాత్రం అది భయం. ఇంగ్లీషులో చల్లటి నెత్తురుకి రెండు బతుకులున్నాయి. ఇన్ కోల్డ్ బ్లడ్ అని ఇంగ్లీషులోనే అంటే కనికరం లేకుండా చేసిన హత్య. అదే చల్లటి నెత్తుర్ని ఫ్రెంచిలో సాంగ్‌ఫ్రువా అని అరువు తెచ్చుకుంటే, ప్రాణం మీదికి వచ్చినా చెదరని నిబ్బరం. మాట ఒకటే, ఒకచోట నేరం, ఇంకోచోట గుణం.

సాంగ్‌ఫ్రువాకి నేను పిల్లలకి చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1982 జూన్ 24 రాత్రి. కౌలాలంపూర్ నుంచి పెర్త్ వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ జంబో విమానం జావా దీవి దగ్గర ముప్పై ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. గాలుంగుంగ్ అనే అగ్నిపర్వతం చిమ్మిన బూడిద మేఘంలోకి చీకట్లో తెలియకుండా వెళ్ళింది. నాలుగు ఇంజన్లూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కెప్టెన్ ఎరిక్ మూడీ మైకు అందుకుని ప్రయాణికులతో మాట్లాడాడు. ఒక చిన్న సమస్య వచ్చిందన్నాడు. నాలుగు ఇంజన్లూ ఆగాయన్నాడు. వాటిని మళ్ళీ నడిపించడానికి శాయశక్తులా ప్రయత్నిస్తున్నామన్నాడు. మీకు మరీ ఇబ్బందిగా లేదనుకుంటానన్నాడు. నిజం దాచలేదు, గొంతూ పెంచలేదు. విమానం గాలిలో జారుతూ దాదాపు పదమూడు వేల అడుగులకి దిగాక ఇంజన్లు మళ్ళీ అందుకున్నాయి. బూడిద గీసుకుపోయి ముందు అద్దంలోంచి ఏమీ సరిగా కనబడకపోయినా జకార్తాలో దింపాడు. అందరూ బతికారు. ఇది చెప్పినప్పుడు ఈ అమ్మాయి, "చిన్న సమస్య అన్నారా మేడమ్?" అని, కాసేపాగి, "మేమూ అలాగే అంటాం" అంది.

ఫ్లెగ్మాటిక్ అని ఇంకో మాట ఉంది. అంటే కఫప్రకృతి మనిషి. పాత గ్రీకు వైద్యంలో ఒంట్లో నాలుగు ద్రవాలనీ, కఫం పాలు ఎక్కువైతే మనిషి నెమ్మదస్తుడనీ అనుకునేవారు. మన ఆయుర్వేదం కూడా కఫతత్త్వానికి స్థిమితాన్నే చెబుతుంది. ఇది పుట్టుకతో వచ్చిన తీరు కాబట్టి మెచ్చుకోవడానికీ తిట్టడానికీ పనికిరాదు. వదిలేశాం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అప్లాంబ్. ఇది తాపీపని మాట. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, పంపులు బాగుచేసే ప్లంబర్ పేరూ అక్కడిదే. దారానికి సీసపు గుండు కట్టి వేలాడదీస్తే గోడ నిలువు తెలుస్తుంది. ఆ గుండు ప్రకారం నిలువుగా ఉన్నదాన్ని ఫ్రెంచివాళ్ళు ఆ ప్లాఁ అన్నారు. మనిషి ఒరిగిపోకుండా నిలబడగలగడాన్ని ఇంగ్లీషులో అప్లాంబ్ అన్నారు. బాలే నాట్యంలోనూ తడబడకుండా నిలిచే ఒడుపుకి అదే పేరు. మన తెలుగులో మేస్త్రీ చేతిలోనిది తాపీ, నింపాదిగా చేసే పని తాపీగా చేసే పని. ఆ రెంటికీ చుట్టరికం కలపబోను గాని, చెవికి మాత్రం అవి కలిసే వినిపిస్తాయి.

మా ఇంటి మేడగది కట్టేటప్పుడు మేస్త్రీ గుండు పట్టడం దగ్గరుండి చూశాను. దారం పైకొసని గోడ అంచున ఆనించి గుండుని కిందికి వదిలేవాడు. గాలికి అది ఊగేది. కుర్రవాడు చేత్తో ఆపబోతే, "ముట్టుకోకు, దానంతటదే నిలుస్తుంది" అనేవాడు. ఊపు తగ్గి తగ్గి, చివరికి సన్నగా వణికి, నిలిచేది. అప్పుడు కన్ను మూసి చూసేవాడు. ఊగని గుండు ఉండదు. దాని బరువే దాన్ని మళ్ళీ నిలువుకి తెస్తుంది.

అప్లాంబ్‌కి తెలుగేమిటని ఈ అమ్మాయి అడిగితే ఠక్కున నా నోటికి వచ్చిన మాట కుదురు. అడుగు గుండ్రంగా ఉన్న కుండ నేల మీద నిలవదు, పొర్లిపోతుంది. గడ్డితోనో గుడ్డతోనో చుట్ట చుట్టి కింద పెడితే దానిమీద కూర్చుంటుంది. ఆ చుట్టే కుదురు. నీళ్ళబిందె నెత్తికెత్తుకునే ఆడవాళ్ళ తల మీదా అదే. పాదుకి కట్టే మట్టిగట్టూ కుదురే. ఒకచోట కూర్చోలేని పిల్లల్ని కుదురుగా కూర్చోమంటాం, మనసు చెదిరితే కుదుటపడలేదంటాం. కుండ గుండ్రనితనం మారదు, నీళ్ళు తొణకడం మానదు. కింద ఒకటి ఉంది కాబట్టి ఒలకదు. ఫ్రెంచి మేస్త్రీ పైనుంచి వేలాడదీసి చెప్పినదాన్ని మన ఆడవాళ్ళు కింద చుట్ట పెట్టి చెప్పారు.

ఇంక ఆసుపత్రి మాటకే వస్తాను. 1889 మే 1న విలియం ఆస్లర్ అనే డాక్టరు ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని వెళ్తున్న వైద్యవిద్యార్థులకి వీడ్కోలు ఉపన్యాసం ఇచ్చాడు. ఆయనకి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు, తనూ జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్ళిపోతున్నాడు. ఉపన్యాసానికి పెట్టిన పేరు ఈక్వనిమిటస్. సమమైన మనసు అని అర్థం. రోమ్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ చనిపోయే ముందు, ఆ పూటకి కాపలావాళ్ళ సంకేతపదం ఏమిటని అధికారి అడిగితే ఇచ్చిన మాట కూడా అదేనంటారు. ఆస్లర్ వైద్యుడికి రెండు గుణాలు కావాలన్నాడు. ఒకటి ఒంటికి సంబంధించింది: గండం ఎదురైనా మొహం మారకపోవడం, చెయ్యి వణక్కపోవడం. దాన్ని ఇంపర్టర్బబిలిటీ అన్నాడు. లాటిన్‌లో టర్బా అంటే గుంపు, గలాటా; లోపల సంత కూడకపోవడం అన్నమాట. రెండోది మనసుకి సంబంధించిన ఈక్వనిమిటీ. కొంచెం మొద్దుబారడం కూడా అవసరమేనని ఒప్పుకున్నాడు. అయితే గుండె మాత్రం గట్టిపడకూడదని అక్కడికక్కడే హెచ్చరించాడు. నూట ముప్పై ఏళ్ళు దాటింది ఆ మాట చెప్పి. నర్సుల చదువు పుస్తకాల్లో ఇది ఉందో లేదోగాని, పిల్లలకి వినిపించాల్సిన ఉపన్యాసం అది. ఇలాంటి సమమైన మనసున్న స్థితప్రజ్ఞుడి గురించి మన భగవద్గీత చెప్పింది కూడా అడవిలో కూర్చున్న మునికి కాదు కదా. ఇరుపక్కలా సేనలు నిలబడి ఉండగా, చేతిలోంచి విల్లు జారిపోతున్నవాడికి చెప్పింది.

ఈ కబుర్లయ్యేసరికి ఏడు దాటింది. ఈ అమ్మాయికి ఎనిమిదింటికి డ్యూటీ. కాగితం మళ్ళీ ముందుకి తీశాం. నాన్‌షలాంట్‌ని తనే కొట్టేసింది.

"అప్లాంబ్ రాయనా మేడమ్?"

"నీకు నోటికి అలవాటైన మాట రాయి. రేపు ఇంటర్వ్యూలో ఇదేంటని అడిగితే తడుముకోకూడదు."

కాసేపు ఆలోచించి కామ్ అని రాసింది. చిన్న మాట. పక్కన ఖాళీ చాలా మిగిలింది. ఆ ఖాళీలో ఆ రాత్రి సంగతి రాయమన్నాను: ముల్లు సున్నాకి దిగడం, మంచం ఎత్తడం, గోళ్ళు చూడడం, బుడగలు లేచేదాకా వంగి చూడడం, నన్ను స్టూలు మీద కూర్చోబెట్టడం.

ఆ అమ్మాయి తలెత్తి నిజంగానే ఆశ్చర్యంగా చూసింది. "అందులో రాయడానికి ఏముంది మేడమ్? సిలిండరు అయిపోయింది, మార్చాను."

పెన్ను నేనే తీసుకున్నాను.